స్పాక్ ఒక్కడే కాదు: స్టార్ ట్రెక్‌లో రెండిళ్ల మనుషులు

అంతరిక్ష నౌకల కథలు చెప్పే అమెరికన్ టీవీ సిరీస్‌ల వరస స్టార్ ట్రెక్. అందులో మీకు ఎవరిష్టం అంటే ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు తెలుగువాళ్లు ముందుగా చెప్పే పేరు స్పాక్. కారణం కూడా వెంటనే చెప్తారు: తండ్రిది వల్కన్ గ్రహం, తల్లిది భూమి, ఎక్కడికెళ్లినా సగం పరాయివాడే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా అయిన పిల్లలకి ఇది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం చుట్టాలింటికి వెళ్తే మాటలో ఒడియా యాస ఉందంటారు, ఇక్కడి క్లాసులో తెలుగోళ్లంటారు.

కారణం నిజమే. చిక్కల్లా అక్కడితో ఆగిపోవడంలో ఉంది. రెండిళ్ల మధ్య నిలబడ్డ మనిషిని స్టార్ ట్రెక్ కనీసం నాలుగుసార్లు, నాలుగు రకాలుగా తయారుచేసింది. స్పాక్ రెండింట్లో ఒక పక్షం ఎంచుకున్నాడు. వోర్ఫ్ తనవాళ్లకి దూరంగా పెరిగి, తన ఆచారాన్ని చదివి నేర్చుకున్నాడు. బెలానా టోరెస్ తనలో ఒక సగాన్ని చెరిపేయాలనుకుంది. ఓడోకి తనవాళ్లెవరో కూడా తెలియదు. ఈ నలుగురి బాధా ఒకటి కాదు, వీళ్లని రచయితలు రాసిన తీరూ ఒకటి కాదు. మన వైపు జీవితానికి బాగా దగ్గరగా వచ్చేది వోర్ఫ్ అని, స్పాక్ తర్వాతేనని ఇక్కడ చెప్పదలచుకున్నది.

ఇష్టమైన పాత్ర గురించి వాదన ఎప్పుడూ తెగకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఒకే పేరు మీద ఇద్దరు ముగ్గురు మనుషులుంటారు. 1967 స్పాక్ వేరు, 2022లో మొదలైన ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ స్పాక్ వేరు. మొదటి సీజన్ వోర్ఫ్‌ని చూసి ఆపేసినవాళ్లకీ, పన్నెండేళ్ల తర్వాతి వోర్ఫ్‌ని చూసినవాళ్లకీ మధ్య మాట కుదరదు. అందుకే వాదనకి కూర్చునే ముందు పాత్ర పేరుతో పాటు ఎపిసోడ్ పేరు కూడా చెప్పుకోవాలి.

స్పాక్: ఎంచుకున్నవాడు

స్పాక్ అంటే తర్కం, నవ్వని ముఖం. మొదట్లో అతను అలా లేడు. స్టార్ ట్రెక్ సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ 1964లో మొదలుపెట్టిన మొదటి పైలట్ (ఛానెల్‌కి చూపించే నమూనా ఎపిసోడ్) ‘ది కేజ్’లో భావాలు బయటపెట్టని అధికారి వేరే ఉంది. ఆమెని నంబర్ వన్ అంటారు, నటి మేజల్ బారెట్. అందులో స్పాక్ అరుస్తాడు, ఒక మొక్క మోగుతుంటే ముట్టుకుని పళ్లు కనపడేలా నవ్వుతాడు కూడా. టీవీ సంస్థ ఎన్‌బీసీ ఆ పైలట్‌ని వద్దంది, ఇంకొకటి తీయమంది. రెండో పైలట్‌కి నంబర్ వన్ పోయింది, కెప్టెన్ మారాడు. మొదటి దాంట్లోంచి రెండో దాంట్లోకి వచ్చిన పాత్ర స్పాక్ ఒక్కటే. నంబర్ వన్ చల్లదనం అతని మీదికి చేరింది. కోట్లమందికి నచ్చిన ఆ నిబ్బరం ఇలా ఒక తిరస్కరణ వల్ల వచ్చి చేరిన గుణం.

దాన్ని నిలబెట్టింది స్పాక్‌గా నటించిన లియొనార్డ్ నిమాయ్. మెడ దగ్గర నొక్కి స్పృహ తప్పించే పట్టు అతని ఆలోచనే. నాలుగు వేళ్లని రెండేసిగా విడదీసి చేసే నమస్కారం, చిన్నప్పుడు యూదుల ప్రార్థనామందిరంలో చూసిన దీవెన ముద్రలోంచి తెచ్చాడు. ఆ నమస్కారం మొదట కనిపించేది 1967 సెప్టెంబరు 15న ప్రసారమైన ‘అమోక్ టైమ్’లో.

స్పాక్‌ని అర్థం చేసుకోవడానికి ఒక్క ఎపిసోడే చూడగలిగితే అదే ఏడాది నవంబరులో వచ్చిన ‘జర్నీ టు బేబెల్’ చూడాలి. రాసింది డి.సి. ఫాంటానా. తండ్రి సారెక్ రాయబారిగా స్పాక్ పనిచేసే నౌకలోకి వస్తాడు. వల్కన్ విజ్ఞాన అకాడమీని కాదని స్టార్‌ఫ్లీట్ అనే అంతరిక్ష నౌకాదళంలో చేరినందుకు కొడుకుతో పద్దెనిమిదేళ్లుగా తండ్రిలా మాట్లాడలేదు. సారెక్‌కి గుండె ఆపరేషన్ చేయాలి, రక్తం ఇవ్వగలిగింది స్పాక్. అదే సమయానికి కెప్టెన్ కర్క్ కత్తిపోటు తిని పడిపోతాడు, నౌక బాధ్యత స్పాక్ మీద పడుతుంది. బాధ్యత వదిలి రానంటాడు. తల్లి అమాండా బతిమాలుతుంది, చివరికి చెంప మీద కొడుతుంది. ఆమె వెళ్లిపోయాక స్పాక్ మూసుకున్న తలుపు దగ్గరికి నడిచి దాని మీద అరచెయ్యి ఆనిస్తాడు. మాట లేదు. పాత్ర మొత్తం ఆ చేతిలో ఉంది.

ఇక్కడ గమనించాల్సింది, స్పాక్ వల్కన్‌లోనే పెరిగాడు. భాష, ఆచారం, చదువు అన్నీ తండ్రి వైపువే. తల్లి వైపుని లోపల అణచుకుంటాడు. అంటే అతనిది ఒక ఇంట్లో పెరిగి, ఆ ఇంటివాడిగానే ఉండాలని పట్టుదలగా నిర్ణయించుకున్న మనిషి కథ. సరిహద్దు ఊళ్లలో అలాంటివాళ్లున్నారు. అందరూ అలాంటివాళ్లు కారు.

ఒక జాగ్రత్త. కథాకాలం ప్రకారం ‘స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్’ ముందు జరుగుతుంది కదా అని అక్కణ్ణించి మొదలుపెడితే దెబ్బ తింటారు. ఈథన్ పెక్ చేసిన స్పాక్ ప్రేమలో పడతాడు, తడబడతాడు. 2023లో వచ్చిన ‘షరేడ్స్’లో అయితే కొంతసేపు పూర్తిగా మనిషే అయిపోతాడు. అది చూసి 1966కి వస్తే నిమాయ్ స్పాక్ చెక్కబొమ్మలా అనిపిస్తాడు. ముందు పాతది చూసి తర్వాత కొత్తదానికి వస్తే, పెక్ ఏ గోడని పగలగొడుతున్నాడో తెలుస్తుంది.

వోర్ఫ్: దూరంగా ఉండి నేర్చుకున్నవాడు

‘ది నెక్స్ట్ జనరేషన్’ 1987 సెప్టెంబరులో మొదలైంది. పాత్రల ఎంపికలో వోర్ఫ్ చివర్లో వచ్చి చేరాడు. మొదటి సీజన్లో అతనికి ఖాయమైన ఉద్యోగం కూడా లేదు. ఎవరు సెలవులో ఉంటే వాళ్ల కుర్చీలో కూర్చునే అధికారి. భద్రతాధికారి తాషా యార్‌గా చేసిన డెనీస్ క్రాస్బీ సీజన్ పూర్తవకముందే తప్పుకోవడంతో ఆ పదవి వోర్ఫ్‌కి దక్కింది. వోర్ఫ్‌గా మైకేల్ డోర్న్ అక్కడ ఏడు సీజన్లు చేసి, ‘డీప్ స్పేస్ నైన్’ అనే ఇంకో సిరీస్ నాలుగో సీజన్‌కి మారి, అక్కడ ఇంకో నాలుగు చేశాడు. స్టార్ ట్రెక్ మొత్తంలో ఎక్కువ ఎపిసోడ్లలో కనిపించిన నటుడు అతనే.

పుట్టుక క్లింగాన్ అనే యోధుల జాతిలో. ఖిటోమర్ స్థావరం మీద శత్రుజాతి రోమ్యులన్ల దాడిలో తల్లిదండ్రులు చనిపోయారు. స్టార్‌ఫ్లీట్‌లో పనిచేసే సెర్గే రొజెంకో ఆ పిల్లవాణ్ణి తీసుకొచ్చాడు. సెర్గే, హెలెనా దంపతులు మనుషుల మధ్య పెంచారు. కొడుకు క్లింగాన్ తిండి తప్ప ముట్టనంటే హెలెనా క్లింగాన్ వంట నేర్చుకుంది. ఈ మాట ఆమె నోటితో వినపడేది నాలుగో సీజన్ రెండో ఎపిసోడ్ ‘ఫ్యామిలీ’లో. అమ్మానాన్నలు నౌక చూడ్డానికి వస్తే వోర్ఫ్ సిగ్గుపడి ముడుచుకుపోతాడు, నాన్న యంత్రాల గురించి కనపడ్డవాళ్లందరికీ చెప్పుకుపోతుంటాడు. పెద్ద ఉద్యోగంలో ఉన్న కొడుకు ఆఫీసుకి ఊరినుంచి అమ్మానాన్నలు వచ్చిన రోజు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది.

వోర్ఫ్ లోతు తెలిసేది ‘రిడెంప్షన్’ మొదటి భాగంలో, గైనన్ అనే ఆమెతో మాట్లాడే చోట. ఇద్దరూ గురిపెట్టి కాల్చే ఆట ఆడుతుంటారు. నువ్వు నవ్వగా చూడలేదంటుంది ఆమె. క్లింగాన్లు నవ్వరని వోర్ఫ్ జవాబు. నవ్వుతారు, కడుపుబ్బ నవ్వగా విన్నానంటుంది గైనన్. సిరీస్ చూస్తే ఆమె మాటే నిజం. తమ గ్రహం మీద పెరిగిన క్లింగాన్లు తాగుతారు, పాడతారు, బల్ల గుద్ది నవ్వుతారు, అవసరమైతే అబద్ధాలూ ఆడతారు. గౌరవం, మాట, నియమం అని నిటారుగా నిలబడేది దూరంగా పెరిగిన వోర్ఫ్ ఒక్కడే. ఎందుకంటే అతనికి ఆచారం మనుషుల్లోంచి రాలేదు, కథల్లోంచి, గ్రంథాల్లోంచి వచ్చింది. గ్రంథంలో మినహాయింపులుండవు. మినహాయింపులు ఇంట్లో పెద్దవాళ్లని చూసి నేర్చుకునేవి.

ఇది మన వైపు కళ్లెదుట ఉన్న సంగతే. ఒడియా మీడియంలో చదివి, పెద్దయ్యాక తెలుగు అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నవాడు ఉగాది పచ్చడిలో ఆరు రుచుల్లో ఒకటి తగ్గినా ఊరుకోడు. విశాఖపట్నంలో ఉన్న మేనమామకి ఆ పట్టింపు ఉండదు. పట్టింపు తప్పని కాదు. అది ఎక్కణ్ణించి వస్తుందో వోర్ఫ్‌ని చూస్తే అర్థమవుతుంది.

ఆ బిగుసుకుపోవడానికి ఇంకో కారణం చాలా ఆలస్యంగా, 1996లో, ‘లెట్ హీ హూ ఈజ్ వితవుట్ సిన్’ అనే డీప్ స్పేస్ నైన్ ఎపిసోడ్‌లో బయటపడుతుంది. పదమూడేళ్ల వయసులో ఫుట్‌బాల్ ఆడుతూ బంతి కోసం ఎగిరినప్పుడు తల తగిలి ఇంకో కుర్రాడి మెడ విరిగింది, ఆ అబ్బాయి చనిపోయాడు. మనుషుల మధ్య తన బలం ప్రమాదకరమని అప్పట్నుంచీ తనని తాను బిగించుకున్నాడు. ఎపిసోడ్‌గా అది బలహీనమైనదే, ఆ ఒక్క సన్నివేశం కోసం చూడొచ్చు.

వోర్ఫ్‌ని చాలామంది తక్కువ అంచనా వేయడానికి కారణం రాతలోనే ఉంది. 45 నిమిషాల్లో కొత్త శత్రువు ఎంత బలవంతుడో చూపించాలంటే, నౌకలో అందరికంటే బలవంతుణ్ణి ఒక దెబ్బతో పడగొడితే సరిపోతుంది. ఆ దెబ్బలన్నీ వోర్ఫ్ తిన్నాడు. అలాగే కెప్టెన్ పికార్డ్ ఓర్పు కనపడాలంటే, కాల్పులు జరుపుదామని ఎవరో ఒకరు అనాలి, కెప్టెన్ వద్దనాలి. ఆ సలహాలూ వోర్ఫ్‌కే రాశారు. మొదటి రెండు సీజన్లు మాత్రమే చూసినవాళ్లకి అతను ఓడిపోయే వస్తాదులా, కాదనిపించుకునే సలహాదారులా కనిపిస్తాడు.

మలుపు మూడో సీజన్లోని ‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’. ఖిటోమర్‌లో శత్రువుకి సాయపడ్డది వోర్ఫ్ తండ్రేనని నింద పడుతుంది. అసలు దోషి ఇంకొకడు. నిజం చెప్తే సామ్రాజ్యంలో అంతర్యుద్ధం వస్తుంది కాబట్టి వోర్ఫ్ నింద మోస్తాడు. క్లింగాన్ల సభలో ఒక్కొక్కరే చేతులు కట్టుకుని అతనికి వీపు తిప్పుతారు, తమ్ముడు కర్న్ కూడా. ‘రిడెంప్షన్’ రెండు భాగాల్లో పరువు తిరిగొస్తుంది. నింద మోపినవాళ్ల ఇంటి కుర్రాణ్ణి చంపే హక్కు కూడా చేతికిస్తారు. చంపనంటాడు. మనవాళ్ల పద్ధతి ఇదే కదా అని తమ్ముడంటే, మనవాళ్ల పద్ధతే గానీ తనది కాదంటాడు. సెర్గే, హెలెనాల పెంపకం అక్కడ మాట్లాడింది. చివరి మెట్టు 1999లో ‘ట్యాకింగ్ ఇంటు ద విండ్’. అవినీతి నాయకుడు గావ్రాన్‌ని ద్వంద్వయుద్ధంలో చంపి, తన భుజం మీద పడబోయిన అధికారాన్ని సేనాని మార్టోక్‌కి అప్పగిస్తాడు. లోపలివాళ్లు అలవాటుపడి ఊరుకున్న కుళ్లుని బయట పెరిగినవాడు సరిచేశాడు. పన్నెండేళ్ల పాటు ఒక పాత్రని ఇంత దూరం నడిపించడం టీవీలో అరుదు.

బెలానా, ఓడో

‘వాయేజర్’లో ఇంజనీరు బెలానా టోరెస్ తల్లి క్లింగాన్, తండ్రి మనిషి. నటి రాక్సాన్ డాసన్. రెండు ఎపిసోడ్లు పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి సీజన్లోని ‘ఫేసెస్’లో ఒక శాస్త్రవేత్త ఆమెని రెండు శరీరాలుగా విడదీస్తాడు. ఎప్పట్నుంచో వదిలించుకోవాలనుకున్న క్లింగాన్ సగం నిజంగానే విడిపోయింది. మిగిలిన మనిషి బెలానా భయంతో వణుకుతుంది. చివరికి ఆ సగం లేకుండా ఆమె బతకలేదని తేలుతుంది. ఆలోచన బాగుంది, కానీ ధైర్యమంతా ఒక జాతికి, తెలివంతా ఇంకో జాతికి పంచేయడం మోటు పని.

ఆరేళ్ల తర్వాత, 2001 జనవరిలో వచ్చిన ‘లీనియేజ్’ ఆ మోటుతనాన్ని సరిదిద్దింది. బెలానా గర్భవతి. పుట్టబోయే పాప ముఖం ఎలా ఉంటుందో డాక్టరు చూపిస్తే నుదుటి మీద క్లింగాన్ గట్లు కనిపిస్తాయి. ఆ గట్లు రాకుండా జన్యువులు మార్చమంటుంది. భర్త టామ్ ఒప్పుకోడు, డాక్టరూ ఒప్పుకోడు. ఆ డాక్టరు హోలోగ్రామ్ కాబట్టి, చికిత్స తప్పనిసరి అని అతనే నమ్మేలా అతని ప్రోగ్రామునే దొంగచాటుగా మార్చేస్తుంది. ఎందుకింత దూరం వెళ్లిందో చిన్ననాటి జ్ఞాపకంలో తెలుస్తుంది. నాన్నతో, బాబాయితో, వాళ్ల పిల్లలతో అడవికి వెళ్లినప్పుడు, ఇద్దరు క్లింగాన్లతో కాపురం కష్టంగా ఉందని నాన్న బాబాయితో చెప్పుకోవడం ఆమె చెవిన పడింది. కోపంతో, అయితే వెళ్లిపొమ్మంది. కొద్దిరోజులకే నాన్న వెళ్లిపోయాడు. పాప నుదురు మార్చాలన్న పట్టుదల అందం గురించి కాదు, భర్త కూడా వెళ్లిపోతాడేమోనన్న భయం. పిల్లలతో ఇంట్లో తెలుగు మాట్లాడటం మానేసిన తల్లిదండ్రుల్ని ఆధునికత పిచ్చి అని తిట్టేవాళ్లు ఈ ఎపిసోడ్ తప్పకుండా చూడాలి. చాలాసార్లు అక్కడ పనిచేసేది భయమే.

‘డీప్ స్పేస్ నైన్’లోని ఓడో గురించి క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఏ రూపమైనా ధరించగల జీవి, ఎక్కడ పుట్టిందో ఎవరికీ తెలియదు, బేజోర్ గ్రహంవాళ్ల ప్రయోగశాలలో పెరిగింది. 1994లో వచ్చిన ‘ద సర్చ్’ రెండు భాగాల్లో తనవాళ్లు దొరుకుతారు. తాను ఎదిరిస్తున్న డొమినియన్ అనే సామ్రాజ్యాన్ని నడిపేది వాళ్లేనని తెలుస్తుంది. దొరక్కపోవడం కంటే దొరకడమే కష్టమైంది. ఓడోగా చేసిన రెనే ఓబెర్జొన్వా ముఖం దాదాపు కదలని మేకప్ కింద, గొంతుతోనే అదంతా చేశాడు.

నెక్స్ట్ జనరేషన్‌లోని మరమనిషి డేటాని, వాయేజర్‌లోని సెవెన్ ఆఫ్ నైన్‌ని ఈ వరసలో చేర్చకపోవడం కావాలనే. డేటాకి రెండిళ్లు లేవు, ఒక ఇంటి గుమ్మం ముందు నిలబడి లోపలికి రావాలనుకునేవాడు. సెవెన్ చిన్నప్పుడే బోర్గ్ అనే సగం యంత్రాల జాతి ఎత్తుకుపోయిన పిల్ల, ఆమెది తిరిగి రావడం గురించిన కథ. ఇద్దరూ గొప్ప పాత్రలే, ప్రశ్న వేరు.

ఎలా చూడాలి

‘అమోక్ టైమ్’, ‘జర్నీ టు బేబెల్’, వాటికి ముందు స్పాక్ ఏడ్చే ‘ద నేకెడ్ టైమ్’. ఆ తర్వాత ‘సిన్స్ ఆఫ్ ద ఫాదర్’, ‘ఫ్యామిలీ’, ‘రిడెంప్షన్’ రెండు భాగాలు, ‘ట్యాకింగ్ ఇంటు ద విండ్’. చివర ‘ఫేసెస్’, ‘లీనియేజ్’, ‘ద సర్చ్’ రెండు భాగాలు. మొత్తం పన్నెండు. పాత సిరీస్‌వి ఒక్కోటి 50 నిమిషాలు, మిగతావి 45 చొప్పున వేసుకుంటే తొమ్మిదింపావు గంటలు. ఆదివారానికి మూడు చొప్పున నాలుగు వారాల్లో అయిపోతాయి.

ఎపిసోడ్‌ని నంబరు పెట్టి వెతకొద్దు, పేరు పెట్టి వెతకండి. రెండు గంటల ప్రారంభ ఎపిసోడ్లని కొన్నిచోట్ల ఒకటిగా, కొన్నిచోట్ల రెండుగా లెక్కేస్తారు. దాంతో ఆ సీజన్ మొత్తం నంబర్లు ఒకటి అటూ ఇటూ జరుగుతాయి. డీప్ స్పేస్ నైన్ నాలుగో సీజన్లో, వాయేజర్ మొదటి సీజన్లో ఇది కచ్చితంగా తగులుతుంది. 1966 సిరీస్‌లో తీసిన వరస వేరు, ప్రసారమైన వరస వేరు కాబట్టి అక్కడా ఇదే తిప్పలు.

ఇక ఫోనులో చూసేవాళ్లకి, ఇంటర్నెట్ ప్యాకు గురించి. పాత సిరీస్‌ని 2006 నుంచి, నెక్స్ట్ జనరేషన్‌ని 2012 నుంచి మళ్లీ శుభ్రం చేసి హెచ్‌డీలోకి తెచ్చారు. డీప్ స్పేస్ నైన్, వాయేజర్‌లకి ఆ పని జరగలేదు. వాటిని అప్పట్లో మామూలు వీడియో టేపు మీదే పూర్తిచేశారు. అందుకని ఆ రెండింటినీ 480లో చూసినా పోయేదేమీ లేదు, హెచ్‌డీ పెడితే డబ్బు దండగ. 480లో గంటకి దాదాపు 700 ఎంబీ అవుతుంది, రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు మీద రెండు ఎపిసోడ్లు సునాయాసంగా వస్తాయి.

మొదటి సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా చూస్తామని కూర్చునేవాళ్లు ఎక్కువగా నెక్స్ట్ జనరేషన్ దగ్గరే ఆగిపోతారు. మొదటి సీజన్ నిజంగానే బలహీనం, రచయితలు వస్తూ పోతూ ఉన్న కాలం. మూడో సీజన్ నుంచి మొదలుపెట్టి, పాత్రల మీద ఇష్టం కుదిరాక వెనక్కి వెళ్లండి. ఫోనులో వచ్చే నిమిషం తునకలు చూసి పాత్రని నిర్ణయించుకోవడం ఇంకా నష్టం. ఆ తునకల్లో స్పాక్ చురక వేస్తాడు, వోర్ఫ్ గుర్రుమంటాడు, అంతే. తలుపు మీద ఆనించిన చెయ్యి తునకగా పనికిరాదు, దాని ముందు నలభై నిమిషాలు ఉండాలి.

పర్లాకిమిడివాళ్లకి ప్రత్యేకంగా ఇంకో పాత్ర చెప్పాలి. 2001లో మొదలైన ‘ఎంటర్‌ప్రైజ్’లో హోషి సాటో భాషావేత్త. మిగతా సిరీస్‌లన్నింట్లో ఏ భాషనైనా మార్చిపెట్టే యంత్రం ఉంటుంది కాబట్టి ఆ కష్టం తెరమీద కనపడదు. ఇందులో యంత్రం ఇంకా పచ్చిగా ఉంది. మొదట్లోనే వచ్చే ‘ఫైట్ ఆర్ ఫ్లైట్’లో అది సరిగా పనిచేయక, హోషి భయపడుతూనే పరాయి నౌకతో వాళ్ల భాషలో నేరుగా మాట్లాడాల్సి వస్తుంది. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉండి, సవరల భాష వాళ్ల నోట విని నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసిన గిడుగు రామమూర్తి పంతులు పని ఎలాంటిదో తెలిసినవాళ్లకి హోషి విలువ తొందరగా అర్థమవుతుంది. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. హోషికి సిరీస్ తగినంత చోటివ్వకపోవడం మాత్రం పెద్ద లోటు, నాలుగు సీజన్లకే ఆగిపోయింది కూడా.

ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలుంటే ఆ పన్నెండు ఎపిసోడ్ల దగ్గరికీ వెళ్లొద్దు. 1973 యానిమేషన్ సిరీస్‌లో ఫాంటానా రాసిన ‘యెస్టర్‌ఇయర్’ ఒక్కటి చాలు, అరగంట లోపే అయిపోతుంది. ఏడేళ్ల స్పాక్‌ని తోటి పిల్లలు సగం మనిషివని ఏడిపిస్తారు, అతను ఎడారిలోకి ఒంటరిగా వెళ్తాడు, పెంపుడు జంతువు ఐ-చాయా వెంట వెళ్తుంది. ఆ జంతువు చివర్లో చనిపోతుంది, దాన్ని బతికించాలా నొప్పి లేకుండా పోనివ్వాలా అన్నది పిల్లవాడే తేల్చుకోవాలి. ఇంట్లో కుక్కో పిల్లో ఉన్న పిల్లలకి ఈ సంగతి ముందే చెప్పి పక్కన కూర్చోండి. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ పెట్టి, అర్థం కాని చోట ఆపి, తెలుగులోనో ఒడియాలోనో ఏది వాళ్లకి బాగా వస్తే దాంట్లో చెప్పండి.